పట్టాలో లేని అమ్మ

చోళ్ల కోతలు ముగిసిన కొద్ది రోజులకే మా అమ్మ కన్నుమూసింది. ముంచింగిపుట్టు మండలంలోని ఒక కొండవాలు గ్రామం మాది. దినం నాడు వచ్చినవారంతా ఆమెను ఒకే మాటతో తలచుకున్నారు: ‘ఇంటికే అంకితమైన ఇల్లాలు’. ఆ మాటలో ప్రేమ ఉంది, గౌరవమూ ఉంది. కానీ అదే రోజు సాయంత్రం పెద్దలు భూమి సంగతి ఎత్తినప్పుడు మా అక్కను, చెల్లిని పక్కకు పొమ్మన్నారు. ఉదయం తల్లిని దేవతను చేసిన నోటితోనే సాయంత్రం ఆమె కూతుళ్లను పరాయివారిని చేశారు. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. ఆ మౌనమే ఈ వ్యాసం రాయిస్తున్నది.

అమ్మ నిజంగా ‘ఇంటికే’ అంకితమైందా? తెల్లవారకముందే గెడ్డ నుంచి నీళ్లు, ఆపైన అంబలి, ఆపైన కొండపోడు. పసుపు తవ్వినా, వలిసెలు నూర్చినా, అడవి నుంచి అడ్డాకులు, చీపుర్లు తెచ్చి తలమీద మోసుకుని సంతకు నడిచినా ఆమే. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతున్నా, నా బాల్యమంతా ఆమె వండింది కట్టెల పొయ్యి మీద, బుడ్డిదీపం వెలుగులో. ఇల్లు, పొలం, అడవి, సంత ఆమెకు వేర్వేరు లోకాలు కావు. గడప దాటని స్త్రీయే ఉత్తమురాలన్న ఆదర్శం గడప దాటకపోయినా గడిచే కులాలది. ఆ కొలతతో మా అమ్మను పొగడటమంటే ఆమె చేసిన పనిలో సగాన్ని చెరిపివేయడమే.

మిగిలిన సగాన్ని ప్రభుత్వ లెక్కలు చెరిపాయి. వంట చేసే, పిల్లలను సాకే, నీళ్లు మోసే, కట్టెలు ఏరే స్త్రీలను 2001 జనగణన ‘పనిచేయనివారి’గా పరిగణించి, యాచకుల, ఖైదీల సరసన చేర్చడాన్ని సుప్రీంకోర్టు 2010లో తప్పుపట్టింది. 2019 నాటి కాలవినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మా అమ్మ కొండ ఎక్కి దిగిన గంటలు ఏ లెక్కకు అందుతాయి?

ఆదివాసీలలో కులం లేదని విశ్వవిద్యాలయ చర్చల్లో తరచూ వింటుంటాను. మాది వాల్మీకి కులం. ధ్రువపత్రం మీద మేమూ షెడ్యూల్డ్ తెగే. అయినా అమ్మతో సంతకు వెళ్లిన చిన్ననాడు ఒక ఇంటి అరుగు దగ్గర దాహమడిగితే, ఆమె దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోయడం చూశాను. పోసినవారూ కొండ మీదివారే, పేదవారే. ఎందుకలా అని అడిగితే అమ్మ ‘పద’ అన్నది, అంతే. కొండలకూ మెట్లున్నాయి. ఆ మెట్లలో అట్టడుగున నిలబడ్డది స్త్రీ. తోటి తెగ నుంచి అంటు, సొంత ఇంట్లో హక్కులేమి, రెండూ ఆమెవే.

కులం నిలబడేది స్త్రీ మీద అదుపుతోనేనని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో వివరించాడు. హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వకపోవడం 1951లో ఆయన మంత్రిపదవి వదులుకోవడానికి ముఖ్య కారణాలలో ఒకటి. ఆ తర్వాత వచ్చిన 1956 వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆచారాన్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మినహాయింపు చాటున నష్టపోతున్నది కూతుళ్లే. దానిని సవరించే విషయం పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో కేంద్రానికి సూచించింది. స్త్రీలకు వాటా లేదన్న ఆచారం రుజువు కానప్పుడు ఆదివాసీ మహిళ వారసులకు సమాన వాటా నిరాకరించరాదని 2025 జూలైలో తీర్పు చెప్పింది.

‘ఆడపిల్లకిస్తే భూమి పరాయి పాలవుతుంది’ అన్నారు మా పెద్దలు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. గిరిజన స్త్రీల పేరు అడ్డుపెట్టుకుని మైదానపు వారు భూములు కాజేసిన ఉదంతాలు ఏజెన్సీకి తెలుసు. అయితే దానికి మందు కూతురి హక్కును కోసివేయడం కాదు, 1/70 చట్టాన్ని గట్టిగా అమలు చేయడం. అటవీ హక్కుల పట్టా భూమిని అసలు అమ్మడానికే వీల్లేదు. పైగా అప్పుల కింద భూమిని పోగొట్టిన కొడుకులు మన ఊళ్లలో లేరా? వారిని చూపి కొడుకులకు వాటా వద్దని ఎవరైనా అన్నారా?

అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేర ఉండాలి. మా ఇంటి పట్టా కాగితం తీసి చూశాను. నాన్న పేరొక్కటే ఉంది. రాసినవారు అమ్మ పేరు అడగలేదు. చదువుకున్న కొడుకునై ఉండి నేనూ అడగలేదు. పోడు కొట్టి, రాళ్లేరి, గట్టు వేసిన మనిషి ఆ నేల మీద అనామకురాలిగా వెళ్లిపోయింది. ఈ తప్పులో నా వాటా నాకు తెలుసు.

తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. అయినా నా వంతుగా అక్కకు, చెల్లికి సమాన భాగం ఉందని కాగితం మీద రాసి గ్రామసభ ముందు పెడుతున్నాను. నా చెల్లి ఒక్క ప్రశ్న వేసింది: ‘అమ్మ బతికుండగా ఎందుకు రాయలేదన్నా?’ జవాబు నా దగ్గర లేదు. ఇది చదువుతున్న విద్యార్థులలో తల్లి బతికున్నవారు చాలామందే ఉంటారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పట్టా కాగితం తీసి, అందులో ఎవరి పేరుందో ఒక్కసారి చూడండి.