సెక్షన్ ఉంటే సరిపోదు: అమెరికా కేథలిక్ యూనివర్సిటీల ఫస్టియర్ పాఠం

2025 మేలో 14వ లియో పోప్‌గా ఎన్నికైనప్పుడు అమెరికాలోని విల్లనోవా యూనివర్సిటీ పేరు ఒక్కసారిగా ప్రపంచమంతా వినిపించింది. 1977లో ఆయన అక్కడే మ్యాథమేటిక్స్‌లో డిగ్రీ పూర్తిచేశారు. ఫిలడెల్ఫియా శివార్లలోని ఆ క్యాంపస్‌కు కాస్త దూరంలోనే కాబ్రీని అనే మరో కేథలిక్ యూనివర్సిటీ ఉండేది. 2024లో అది మూతపడింది. దాని క్యాంపస్ విల్లనోవా చేతికే వచ్చింది.

కాబ్రీని ఒక్కటే కాదు. కాలిఫోర్నియాలోని హోలీ నేమ్స్, విస్కాన్సిన్‌లోని కార్డినల్ స్ట్రిచ్ 2023లో, న్యూయార్క్ రాష్ట్రంలోని సెయింట్ రోజ్ కాలేజీ 2024లో, సెయింట్ లూయిస్ శివార్లలోని ఫాంట్‌బాన్ 2025లో తలుపులు మూశాయి. ఇవన్నీ కేథలిక్ సంస్థలే. కారణం అర్థం కానిదేమీ కాదు. అమెరికాలో జననాలు 2007 తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్నారు. పెద్దగా మూలనిధి లేని చిన్న ప్రైవేటు కాలేజీలు విద్యార్థుల ఫీజు మీదే బతుకుతాయి. కొత్తగా చేరేవాళ్లు తగ్గినప్పుడు, చేరినవాళ్లు మధ్యలో వెళ్లిపోకుండా చూసుకోవడం ఆ కాలేజీలకు చావుబతుకుల సమస్య అవుతుంది.

వెళ్లిపోయేవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది మొదటి ఏడాదే. అమెరికాలో కొత్తగా కాలేజీలో చేరినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరు రెండో ఏడాదికి ఏ కాలేజీలోనూ కనిపించరు. అందుకే అక్కడి కేథలిక్ యూనివర్సిటీలు ఫస్టియర్ లెర్నింగ్ కమ్యూనిటీల మీద ఇంత శ్రద్ధ పెడుతున్నాయి. ఆ ప్రయోగంలో ఏం ఫలించింది, ఏం ఫలించలేదు అన్నది మన కాలేజీలకూ పనికొచ్చే విషయం.

ఏమిటీ లెర్నింగ్ కమ్యూనిటీ?

అమెరికన్ డిగ్రీలో మనకున్నట్టు సెక్షన్లు ఉండవు. ఎవరి కోర్సులు వాళ్లు ఎంచుకుంటారు. సోమవారం ఎకనామిక్స్ క్లాసులో పక్కన కూర్చున్నవాడు మంగళవారం బయాలజీలో ఉండడు. పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలి వచ్చిన విద్యార్థి, వేలమంది మధ్య ఎవరికీ తెలియకుండానే ఒక సెమిస్టర్ గడిపేయవచ్చు. దీనికి విరుగుడుగా కొద్దిమంది కొత్త విద్యార్థులను ఒక జట్టుగా చేసి, వాళ్లందరికీ ఒకదానితో ఒకటి ముడిపడిన కోర్సులు ఇస్తారు. ఆ కోర్సులు చెప్పే అధ్యాపకులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పాఠాలు కలుపుకుంటారు. కొన్నిచోట్ల ఆ జట్టును హాస్టల్లో కూడా దగ్గర దగ్గరగా ఉంచుతారు.

ఆలోచన కొత్తది కాదు, కేథలిక్‌లది అంతకన్నా కాదు. అలెగ్జాండర్ మెకల్‌జాన్ 1927లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఒక ప్రయోగాత్మక కాలేజీ నడిపారు. 1932లో అది ముగిసింది. 1971లో తరగతులు మొదలైన వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ ఆ ఆలోచనను మళ్లీ బతికించింది. విద్యార్థులు చదువు ఎందుకు మానేస్తారన్న ప్రశ్నపై విన్సెంట్ టింటో 1987లో వెలువరించిన పుస్తకం దానికి సిద్ధాంత బలం ఇచ్చింది. తెలివి చాలక మానేసేవాళ్లకన్నా, ఆ చోటికి తాము చెందమనిపించి మానేసేవాళ్ల గురించి ఆలోచించమని ఆయన చెప్పారు.

కేథలిక్ యూనివర్సిటీలు దీన్ని తమ పద్ధతిలోకి మలచుకున్నాయి. బాల్టిమోర్‌లో 1852లో పుట్టిన లయోలా యూనివర్సిటీ మేరీలాండ్‌లో ఈ కార్యక్రమం పేరు మెస్సీనా. జెస్యూట్లు 1548లో సిసిలీలోని మెస్సీనా పట్టణంలో పెట్టిన స్కూలు పేరు అది. ఇక్కడ ఒక ఇతివృత్తం కింద రెండు కోర్సులను జతచేస్తారు. ఒకే జట్టు ఏడాది పొడవునా కలిసి సాగుతుంది. అధ్యాపకులతోపాటు యూనివర్సిటీ ఉద్యోగి ఒకరు మెంటార్‌గా, సీనియర్ విద్యార్థి ఒకరు తోడుగా ఉంటారు. పాఠం కాకుండా వారానికి ఒక గంట అదనంగా కూర్చుంటారు. టైమ్ ఎలా సర్దుకోవాలి, రూమ్మేట్‌తో గొడవైతే ఏం చేయాలి, ఏ సబ్జెక్టు మేజర్‌గా తీసుకోవాలి వంటివి ఆ గంటలో వస్తాయి.

షికాగోలోని డిపాల్ యూనివర్సిటీ దారి వేరు. కేథలిక్ యూనివర్సిటీల్లో దేశంలోనే పెద్దదైన ఇక్కడ చాలామంది రోజూ ఇంటినుంచి వచ్చి చదువుకునేవాళ్లే. అందుకే హాస్టల్‌ను కాకుండా నగరాన్నే క్లాసురూముగా చేసుకున్నారు. ఫస్టియర్ విద్యార్థులు షికాగో మీద ఒక కోర్సు తీసుకుని వీధులు, పేటలు, మ్యూజియంలు తిరుగుతారు. విల్లనోవాలో అయితే ప్రతి ఫస్టియర్ విద్యార్థీ అగస్టీన్ పేరుమీద నడిచే సెమినార్ రెండు సెమిస్టర్లు చదవాలి. అగస్టీన్ ఆత్మకథ ‘కన్ఫెషన్స్’ అందులో తప్పనిసరి. ఆ సెమినార్ క్లాస్‌మేట్లను ఒకే హాస్టల్ భవనంలో ఉంచే ఏర్పాటు కూడా ఉంది. పగలు క్లాసులో మొదలైన వాదన రాత్రి కారిడార్‌లో కొనసాగాలన్నది దాని ఉద్దేశం.

ఫాదర్ల స్థానంలో ప్రోగ్రాం

ఇదే పని ప్రభుత్వ యూనివర్సిటీలూ చేస్తున్నాయి. మరి కేథలిక్ సంస్థల ప్రత్యేకత ఏమిటి? ఒకప్పుడు ఈ కాలేజీల్లో ఫాదర్లు, సిస్టర్లు పాఠం చెప్పడమే కాదు, హాస్టళ్లలోనే ఉండేవారు. ఎవరు అన్నం తినలేదో, ఎవరికి ఇంటినుంచి డబ్బు రాలేదో వాళ్లకు తెలిసేది. ఇప్పుడు అలాంటివాళ్ల సంఖ్య బాగా తగ్గింది. అధ్యాపకుల్లో అత్యధికులు గృహస్థులు, చాలామంది కేథలిక్‌లు కూడా కారు. విద్యార్థుల్లోనూ ఇతర మతాలవాళ్లు, ఏ మతమూ లేనివాళ్లు కనిపిస్తారు. అడుగడుగునా సంస్థను మోసిన మనుషులు లేనప్పుడు, ‘ప్రతి విద్యార్థినీ వ్యక్తిగా పట్టించుకోవడం’ అని జెస్యూట్లు చెప్పుకునే మాట ఎక్కడ నిలుస్తుంది? లెర్నింగ్ కమ్యూనిటీ దానికి వాళ్లు వెతుక్కున్న జవాబు. మనుషులు స్వభావంగా చేసిన పనిని ఇప్పుడు టైమ్‌టేబుల్‌లో పెట్టి చేయిస్తున్నారు.

ఇందులో ఒక ఇరకాటం ఉంది. విద్యార్థిని పట్టించుకోవడం విలువ కోసమా, ఫీజు కోసమా? రెండూ నిజమే. ఒక విద్యార్థి ఫస్టియర్‌లోనే వెళ్లిపోతే మిగిలిన మూడేళ్ల ఫీజూ పోతుంది. లెక్క చూసుకునే మేనేజ్‌మెంట్, సేవాభావంతో వచ్చిన అధ్యాపకుడు ఒకే కార్యక్రమాన్ని రెండు కారణాలతో సమర్థిస్తారు. డబ్బు బాగున్నంతకాలం ఈ రెండు కారణాలకూ పేచీ రాదు. బడ్జెట్ బిగిసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

ఫలితాలు ఏం చెబుతున్నాయి?

ఈ కార్యక్రమాల మీద పొగడ్తలు చాలా ఉన్నాయి, గట్టి పరీక్షలు కొన్నే ఉన్నాయి. వాటిలో పేరున్నది న్యూయార్క్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో జరిగింది. అది కేథలిక్ సంస్థ కాదు, ప్రభుత్వ కాలేజీ. 2003 నుంచి సుమారు 1,500 మంది కొత్త విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక సగానికి మొదటి సెమిస్టర్ లెర్నింగ్ కమ్యూనిటీ ఇచ్చారు, రెండో సగానికి మామూలు చదువే. ఆరేళ్ల తర్వాత చూస్తే మొదటి గుంపులో 35.9 శాతం, రెండో గుంపులో 31.3 శాతం డిగ్రీ పూర్తిచేశారు. ఒక్క సెమిస్టర్ పనికి 4.6 శాతం పాయింట్ల తేడా చిన్నది కాదు.

కానీ ఆ తర్వాత ఆరు కమ్యూనిటీ కాలేజీల్లో ఇలాగే చేసిన పరీక్షల్లో లాభం నామమాత్రంగానే కనిపించింది. విద్యార్థులు చదువు కొనసాగించడంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. తేడా ఎందుకు? కింగ్స్‌బరోలో క్లాసులు జతచేసి ఊరుకోలేదు. పుస్తకాల ఖర్చుకు సాయం, అదనపు ట్యూటరింగ్, సలహాదారుల అండ కూడా ఉన్నాయి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలోనే మరో కార్యక్రమం మూడేళ్లపాటు ఫీజు లోటు, బస్సు ఛార్జీ, పుస్తకాలు, తరచూ కలిసే సలహాదారు అన్నీ ఇచ్చి చూసింది. మూడేళ్లలో పూర్తిచేసినవాళ్లు 22 శాతం నుంచి 40 శాతానికి చేరారు.

అంటే ఒకే గుంపును నాలుగు క్లాసుల్లో కూర్చోబెట్టడం చౌక పని, కంప్యూటర్ చేసిపెడుతుంది. ఇద్దరు అధ్యాపకులు కూర్చుని పాఠాలు కలుపుకోవడం, వారానికో గంట విద్యార్థుల కోసం కేటాయించడం, ఫలానా పిల్లవాడు రెండు వారాలుగా రావడం లేదని గమనించి ఫోన్ చేయడం ఖరీదైన పని. ఫలితం ఈ రెండో పనినుంచే వస్తుంది. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు పోయేదీ అదే. కోర్సును సగం జీతపు పార్ట్‌టైమ్ అధ్యాపకుడికి అప్పగిస్తే, ఆయన క్లాసు ముగించుకుని మరో కాలేజీకి పరుగెత్తాలి. బ్రోచర్‌లో కమ్యూనిటీ మిగులుతుంది, క్యాంపస్‌లో మిగలదు.

మన దగ్గర సెక్షన్ ఉంది, మరి?

ఈ మాట నిజమని చెప్పడానికి మన కాలేజీలే సాక్ష్యం. అమెరికన్లు కష్టపడి తయారుచేసుకునే గుంపు మనకు ఉచితంగా దొరుకుతుంది. ఇంజనీరింగ్ ఫస్టియర్ సెక్షన్‌లో అరవై మంది ఏడాదంతా అవే క్లాసులు, అవే ల్యాబులు కలిసి చేస్తారు. అయినా ఆ అరవై మందిలో ఎవరు కుంగిపోతున్నారో తెలిసిన లెక్చరర్ ఎంతమంది? ఇంటర్‌లో స్టడీ అవర్ల మధ్య రెండేళ్లు గడిపి వచ్చిన పిల్లలకు సొంతంగా చదవడం ఎవరు నేర్పుతారు? తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ ఎలా గడుస్తుందో ఎవరు అడుగుతారు?

మన వ్యవస్థ ఫస్టియర్‌ను ఎక్కువగా పోలీసు కళ్లతోనే చూసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది, యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. అవి అవసరమే. కానీ హాని జరగకుండా ఆపడం వేరు, తోడుగా నిలవడం వేరు. ఆ రెండో పని గుర్తించినవాళ్లూ లేకపోలేదు. ఐఐటీ గాంధీనగర్ 2011లో కొత్త విద్యార్థులకు ఫౌండేషన్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ మానవ విలువల కోర్సు నడిపింది. ఇలాంటి అనుభవాల మీదే ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్‌ను, 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ను రూపొందించాయి. ఇరవై మందికి ఒక అధ్యాపక మెంటార్ ఉండాలన్న మాట కూడా ఏఐసీటీఈ మార్గదర్శకాల్లో ఉంది. ఆచరణలో చాలాచోట్ల ఇండక్షన్ అంటే ఆడిటోరియంలో ఉపన్యాసాలు, చివరిరోజు గ్రూప్ ఫొటో. నాలుగో వారం నుంచి మెంటార్ పేరు రిజిస్టర్‌లో ఉంటుంది.

విద్యార్థుల ఆత్మహత్యలు, మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ నేతృత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేయాల్సి వచ్చిందంటే ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది. పైగా జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ఒక ఏడాది చదివి సర్టిఫికెట్‌తో బయటికి వెళ్లే వీలు వచ్చింది. సబ్జెక్టుల ఎంపిక పెరిగేకొద్దీ పాత సెక్షన్ కూడా సడలుతుంది. అమెరికా సమస్య మనకు వస్తోంది. వాళ్లు దానికి కట్టుకున్న ఏర్పాటు మాత్రం ఇంకా రాలేదు.

మొదలుపెట్టడానికి భారీ నిధులు అక్కర్లేదు. ఫస్టియర్ ఇంగ్లిష్, మ్యాథ్స్ చెప్పే ఇద్దరు రెగ్యులర్ అధ్యాపకులకు ఇరవై మందిని అప్పగించి, వారానికి ఒక గంటను వాళ్ల వర్క్‌లోడ్‌లో లెక్కించాలి. ఆ లెక్కింపే కీలకం. జీతంలో, ప్రమోషన్‌లో కనిపించని పని ఎంత మంచి మనిషి చేతిలోనైనా రెండేళ్లకే అలసిపోతుంది. విజయవాడలో 1953లో ఏర్పడిన ఆంధ్ర లయోలా కాలేజీ వంటి జెస్యూట్ సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. విద్యార్థిని వ్యక్తిగా పట్టించుకోవాలనే మాట వాటికి కొత్త కాదు.

పిల్లలను అమెరికాకు డిగ్రీకే పంపాలనుకునే తెలుగు కుటుంబాలకు కూడా ఇందులో ఒక సూచన ఉంది. 2023-24లో అక్కడున్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో డిగ్రీ చదివేవాళ్లు 36,053 మందే. మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లకు ఊరివాళ్లో సీనియర్లో తోడుంటారు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఆ తోడు తక్కువ. బ్రోచర్‌లో లెర్నింగ్ కమ్యూనిటీ అని రాసి ఉంటే మూడు ప్రశ్నలు అడగండి. ఆ క్లాసు చెప్పేది పూర్తికాలపు అధ్యాపకులేనా? చదువు గురించి సలహా ఇచ్చేదీ వాళ్లేనా? మా అబ్బాయి వారం రోజులు క్లాసుకు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? మూడో ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పగలిగితే అక్కడ కమ్యూనిటీ ఉన్నట్టే. ఒక ఆఫీసు పేరు చెబితే, ఉన్నది ఇంకా సెక్షనే.