పేరు మార్చినవారిదే పూచీ

తెలంగాణ వాహనాల నంబరు ప్లేట్ల మీద టీఎస్ బదులు టీజీ ఉండాలని కేంద్ర రవాణా శాఖ 2024 మార్చి 12న గెజిట్ ఇచ్చింది. అదే నెల 15 నుంచి కొత్త బండ్లకు టీజీ నంబర్లు మొదలయ్యాయి. ఆ తర్వాత ఆర్టీసీ పేరు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేరు కూడా ఆ దారినే నడిచాయి. బోర్డులు, లెటర్‌హెడ్లు మార్చే ఖర్చు గురించి అప్పట్లో బాగానే మాట్లాడుకున్నాం. కంప్యూటర్ల లోపల మారాల్సినవాటి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో కాస్త పెద్ద అపార్టుమెంటు సెల్లారులోకి దిగితే ఏపీ 10, టీఎస్ 10, టీజీ 10 మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. మూడూ సికింద్రాబాద్ రవాణా కార్యాలయం నంబర్లే. పాత ప్లేట్లు చెల్లుతాయి కాబట్టి ఇంకా చాలా ఏళ్లు అలాగే ఉంటాయి. ఇప్పుడు ‘టీఎస్ 10తో మొదలయ్యే బండ్లు’ అని షరతు రాసి పెట్టుకున్న రిపోర్టు ఏదో ఒక ఆఫీసులో ఉందనుకోండి. అది ఆగిపోదు. ఎర్ర అక్షరాలు చూపించదు. ఎప్పటిలాగే శుభ్రంగా ప్రింటయి వస్తుంది, 2024 మార్చి తర్వాత కొన్న బండ్లు మాత్రం అందులో ఉండవు. పోనీ ఏపీని కూడా కలిపేద్దామా అంటే, ఏపీ 10 మనది, ఏపీ 16 కృష్ణా జిల్లాది, 2019లో వచ్చిన ఏపీ 39 ఆంధ్రప్రదేశ్ మొత్తానిది. గుడ్డిగా కలిపితే బెజవాడ బండ్లు కూడా మన ఖాతాలో పడతాయి.

డేటాబేస్‌లో ఒక ఫీల్డు పేరు మార్చాక రిపోర్టులు చెడిపోవడం ఆ పనిలో ఉన్నవాళ్లకు నిత్యం ఎదురయ్యేదే. దాన్ని రిపోర్టు తయారు చేసినవాళ్ల తలనొప్పిగా చూడటం మన ఆఫీసుల్లో అలవాటుగా మారింది. పేరు మార్చినవారు మార్చేసి వెళ్లిపోతారు. నెలాఖరుకు లెక్క తేలక కుస్తీ పట్టేది ఇంకెవరో. ఇది తలకిందుల పద్ధతి అని నా వాదన. పేరు మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో, పాత పేరు మీద ఆధారపడినవన్నీ నడిచేలా చూసే పూచీ కూడా వారిదే కావాలి.

ఎందుకో తెలియాలంటే చెడిపోయిన రిపోర్టును కాస్త దగ్గరగా చూడాలి. చిన్న ఆసుపత్రులు, ల్యాబులు, ట్యూషన్ సెంటర్లు, చిట్‌ఫండ్ ఆఫీసుల్లో ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైళ్లు నడుస్తున్నాయి. ‘జిల్లా’ అనే ఫీల్డును ఎవరో ‘జిల్లా పేరు’ అని మార్చారనుకుందాం. రిపోర్టు తెరవగానే ‘ఎంటర్ పారామీటర్ వేల్యూ’ అనే చిన్న పెట్టె వచ్చి, కింద ‘జిల్లా’ అని చూపించి ఆగుతుంది. ఆ పేరుతో ఫీల్డు దొరకలేదు కాబట్టి, విలువను మనిషే ఇస్తాడేమోనని యాక్సెస్ అడుగుతోంది. కూర్చున్న గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. ఖాళీగా ఎంటర్ కొడితే రిపోర్టు ఖాళీగా వస్తుంది. అది కొంత నయం. జిల్లా అడుగుతోంది కదా అని ‘హైదరాబాద్’ అని కొడితే అసలు ప్రమాదం మొదలవుతుంది. రిపోర్టు షరతు ‘జిల్లా హైదరాబాద్ అయినవి’ అని ఉంటే, ఆ ‘జిల్లా’ స్థానంలో ఇప్పుడు ఆయన కొట్టిన మాటే కూర్చుంటుంది. హైదరాబాద్ హైదరాబాదేనా అని ప్రతి వరుసకూ అడిగితే జవాబు అవుననే వస్తుంది. దాంతో నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాద్ వరుసలన్నీ హైదరాబాద్ శీర్షిక కింద బారులు తీరతాయి. మొత్తం కూడా చక్కగా కూడి ఉంటుంది. ఆ కాగితం మీద పైఅధికారి సంతకం పెట్టేస్తారు.

యాక్సెస్‌లో నేమ్ ఆటోకరెక్ట్ ఉంది కదా, పేరు మారిస్తే అదే అన్నిచోట్లా మార్చుకుంటుంది కదా అని కొందరంటారు. 2000 వెర్షన్ నుంచి ఉన్న సదుపాయమే అది, చాలావరకు పనిచేస్తుంది కూడా. కానీ విజువల్ బేసిక్‌లో రాసిన కోడ్ జోలికి పోదు. టేబుళ్లు వేరే ఫైల్లో ఉండి ఇక్కడికి లింకు చేసి ఉంటే అక్కడి మార్పు దానికి అందదు. సగం సరిచేసే సాధనం అసలు సరిచేయనిదానికంటే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే మిగిలిన సగాన్ని ఎవరూ వెతకరు. పెద్ద డేటాబేస్‌లలోనూ తీరు ఒకలా ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వ్యూ (టేబుల్ డేటాను చూపించడానికి పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) తన కాలమ్‌ను పేరుతో కాక లోపలి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పేరు మారినా వ్యూ నడుస్తుంది, ఫంక్షన్లలో అక్షరాలుగా రాసుకున్న పేర్లు మాత్రం నడిపినప్పుడు దెబ్బతింటాయి. మైఎస్‌క్యూఎల్‌లో వ్యూ తెరిస్తే తప్పు కాలమ్‌ను సూచిస్తోందని గట్టిగానే అరుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అన్ని కాలమ్‌లూ తెమ్మని నక్షత్రం గుర్తుతో రాసిన వ్యూ, కింది టేబుల్‌లో కాలమ్‌లు తీసేసి కొత్తవి చేరిస్తే, తాజా చేయనంతవరకు పాత శీర్షిక కింద వేరే కాలమ్ విలువలు చూపించగలదు. ఈ మూడింటిలో నేను మైఎస్‌క్యూఎల్ పక్షం. ఆగిపోయిన రిపోర్టు వెంటనే ఎవరో ఒకరికి ఫోన్ చేయిస్తుంది. తప్పుగా నడిచే రిపోర్టు ఏళ్ల తరబడి ఎవరినీ పలకరించదు.

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ అనుకునేవారికి వరంగల్ చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో వరంగల్ జిల్లా కోడ్ 540, జనాభా 35 లక్షల పైచిలుకు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైనప్పుడు ఆ పాత జిల్లా ప్రధానంగా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లాకు హనుమకొండ అనీ, రూరల్ జిల్లాకు వరంగల్ అనీ పేర్లు మార్చారు. పేరుతో పాటు హద్దులూ కదిలాయి: వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాలోకి వచ్చాయి, పరకాల, దామెర, నడికూడ హనుమకొండకు వెళ్లాయి. అంటే ‘వరంగల్ జిల్లా’ అనే మాట 2011 పట్టికలో ఒక ప్రాంతం, 2022 పట్టికలో అందులో ఒక ముక్క. మధ్యలో అయిదేళ్లు ఆ పేరుతో జిల్లాయే లేదు. పేరును పేరుతో జతకలిపే ఏ రిపోర్టయినా ఈ రెంటినీ ఒకే వరుసలో పెట్టి, పదేళ్లలో జనం, బడులు, సాగుభూమి కుప్పకూలాయని చెబుతుంది. నిజంగా తగ్గింది ఏమీ లేదు. పాత పేరు మాయమైతే వెతుక్కుంటాం, పాత పేరు కొత్త వస్తువుకు అతుక్కుంటే వెతకాలన్న ఆలోచనే రాదు. పేర్ల మార్పుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఈ రకానికే. పైగా హనుమకొండను కొందరు హన్మకొండ అని రాస్తారు, ఇంగ్లిష్ స్పెల్లింగులు మరో రెండు రకాలు. కంప్యూటర్‌కు అవన్నీ వేర్వేరు ఊళ్లు.

మనుషుల లోకంలో ఇది ఇంత కష్టం కాదు. పద్మారావు నగర్‌నే తీసుకోండి. ఒకప్పుడు అది వాకర్ టౌన్. ఆ పేరు ఇప్పటికీ కొన్ని చిరునామాల్లో కొత్త పేరు పక్కనే నిలిచి ఉంది. ఇంగ్లిష్‌లో పద్మ, రావు విడగొట్టి రాసేవారు కొందరు, మూడు మాటలూ కలిపేసేవారు ఇంకొందరు. అయినా స్కందగిరి గుడి దగ్గరి ఇంటికి రావలసిన ఉత్తరం వస్తుంది, ఎందుకంటే పోస్ట్‌మ్యాన్‌కు పాత పేరూ తెలుసు, కొత్త పేరూ తెలుసు, రెండూ ఒకటేననీ తెలుసు. డేటాబేస్‌కు ఆ మూడో సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. ఆ రాసేవారు ఎవరన్నదే మన చర్చ.

రిపోర్టులు నడిపేవారే రాసుకోవాలి అనేవారి వాదనలో కొంత న్యాయం ఉంది. తమ రిపోర్టు దేని మీద ఆధారపడిందో తమకే బాగా తెలుసు, పేరు మార్చేవారికి ఊళ్లో ఉన్న ప్రతి ఎక్సెల్ ఫైలూ తెలియదు. నిజమే. కానీ ఏ పేరు ఏ పేరైంది, ఏ తేదీ నుంచి, హద్దు కూడా మారిందా అన్న మూడు సంగతులు పూర్తిగా తెలిసింది పేరు మార్చినవారికే. అది వారు ఒక్కసారి రాస్తే సరిపోయేది, రాయకపోతే వంద ఆఫీసుల్లో వందమంది వందరకాలుగా ఊహించుకుంటారు. 1970లో ఐబీఎంలో ఉన్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ డేటాబేస్‌కు పునాది వేసిన వ్యాసంలో మొదటే చెప్పిన సంగతి కూడా ఇలాంటిదే: లోపల డేటాను ఎలా సర్దారన్నది వాడుకునేవారికి పట్టకూడదు, లోపలి సర్దుబాటు మారినా బయటి ప్రోగ్రాములు చెడకూడదు. వ్యూ అనే సదుపాయం ఉన్నదే అందుకు. టేబుల్‌లో ఫీల్డు పేరు మార్చినరోజే పాత పేరుతో ఒక వ్యూ నిలబెడితే పాత రిపోర్టులన్నీ దాని మీద నడుస్తాయి, తీరిగ్గా ఒక్కొక్కటే కొత్త పేరుకు మళ్లించుకోవచ్చు.

జన్యు శాస్త్రజ్ఞులు దీన్ని చేసి చూపించారు. కొన్ని జన్యువుల పొట్టి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో అంతర్జాతీయ జన్యు నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చింది. ‘మార్చ్1’ ‘మార్చ్‌ఎఫ్1’ అయింది, ‘సెప్ట్1’ ‘సెప్టిన్1’ అయింది. అయితే ప్రతి జన్యువుకూ ఉన్న గుర్తింపు సంఖ్య మారలేదు, పాత పేరు ‘ఇదివరకటి పేరు’గా అదే పేజీలో నిలిచింది. ఇరవై ఏళ్ల నాటి పరిశోధన చదివేవారు కూడా దారి తప్పరు. మన దగ్గరా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు కోడ్లున్నాయి. పేరు మారినా కోడ్ నిలవాలన్నదే వాటి ఉద్దేశం. రాష్ట్ర శాఖల పట్టికల్లో ఆ కోడ్ కాలమ్ తప్పనిసరి చేస్తే సగం చిక్కు విడిపోతుంది. సగమే అనడానికి కారణం, కోడ్ పేరు మార్పును తట్టుకుంటుంది గాని హద్దు మార్పును తట్టుకోలేదు. పరకాల ఏ తేదీ వరకు ఎక్కడ ఉందో తేదీతో రాస్తేనే మిగతా సగం.

అసలు పేర్లే మార్చకపోతే పోదా అన్నది ఇంకో అభ్యంతరం. ఒప్పుకోను. ఊరి పేరు, రాష్ట్రం గుర్తు ప్రజల ఇష్టానికి సంబంధించినవి, కంప్యూటర్ సౌకర్యం కోసం వాటిని బిగించి ఉంచడం సరికాదు. ఫీల్డు పేరైనా అర్థం తప్పుదోవ పట్టిస్తుంటే మార్చాల్సిందే. పాత పేర్లు ఎల్లకాలం మోస్తే చెత్త పేరుకుపోతుందన్న మాట మాత్రం నిజం. దానికి గడువు పెట్టాలి: పాత పేరు వ్యూను ఎవరు ఎప్పుడు తెరుస్తున్నారో లాగ్‌లో చూసి, ఒక ఆర్థిక సంవత్సరం ముగింపు, ఆడిట్ రెండూ దాటాక ఎవరూ తెరవకపోతే తీసేయాలి. ఆడిట్ ఎందుకంటే ఏడాదికి ఒక్కసారే తెరిచే రిపోర్టులు ఉంటాయి. నెల రోజులు ఎవరూ అడగలేదని తీసేస్తే అవి మార్చిలో పడిపోతాయి.

ఇక, అన్నిచోట్లా ఒక్కసారిగా ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే పోలేదా అనేవారూ ఉన్నారు. టీఎస్ అనే రెండక్షరాలను టీజీగా మార్చమని ఫైలంతటా ఆజ్ఞ ఇస్తే, ఇంగ్లిష్‌లో ఆ అక్షరాలతోనే ముగిసే రిపోర్ట్స్, పేమెంట్స్, డిస్ట్రిక్ట్స్ అన్నిటి తోకలూ తెగుతాయి. ఇంత చిన్న ఆఫీసులో ఇవన్నీ ఎవరు చేస్తారని అడిగేవారికి జవాబు: చేయాల్సింది చిన్నదే. మార్చేముందు ఫైలు నకలు తీసిపెట్టాలి. యాక్సెస్ అయితే క్వెరీలు, రిపోర్టు సార్టింగ్, గ్రూపింగ్, సబ్‌రిపోర్టును కలిపే లింకు ఫీల్డులు, మాక్రోలు, కోడ్, ఈ వరుసలో పాత పేరు కోసం వెతకాలి. గ్రూపింగ్‌లో మిగిలిన పాత పేరే ఎక్కువగా దొరకకుండా తిప్పలు పెడుతుంది, అది కాగితం మీద కనిపించదు కాబట్టి. చివరగా పేరు మారకముందు వచ్చిన ఒక నెల రిపోర్టును మళ్లీ తీసి, పాత కాగితం మొత్తంతో పోల్చాలి. గడిచిన నెల మొత్తం మారడానికి వీల్లేదు. మారిందంటే ఎక్కడో ఒక పేరు మిగిలి ఉంది.

ఈ పని ఇప్పుడు ఎందుకు తొందరంటే, 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జనగణన వస్తోంది. లెక్కలు జరిగే కాలంలో హద్దులు కదలకూడదని వాటిని ముందే స్తంభింపజేస్తారు. పేరూ హద్దూ నిలకడగా లేకపోతే లెక్కే లేదని జనగణన శాఖకు తెలుసు. ఆ పట్టికలు వచ్చాక 33 జిల్లాల తెలంగాణను 2011 నాటి పది జిల్లాలతో, 26 జిల్లాలైన 2022 తర్వాత కూడా మారుతున్న ఆంధ్రప్రదేశ్‌ను నాటి పదమూడుతో పోల్చాలి. బడ్జెట్లు, పథకాల కేటాయింపులు, పత్రికల్లో మనం చదివే శాతాలు అన్నీ ఆ పోలిక మీదే నిలబడతాయి. కాబట్టి రెండు రాష్ట్రాల అర్థగణాంక శాఖలు ఆ పట్టికలకంటే ముందే ఒక జాబితా బయట పెట్టాలి: ప్రతి గ్రామానికీ కోడ్, 2011లో ఏ మండలం ఏ జిల్లా, ఇప్పుడు ఏ మండలం ఏ జిల్లా, మధ్యలో మారిన ప్రతిసారీ తేదీ, జీవో సంఖ్య. పీడీఎఫ్‌లో బొమ్మలా కాకుండా, ఎక్సెల్‌లో నేరుగా తెరుచుకునే ఫైలుగా.