గడ్డిమొక్క దాచలేదు

1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లో, ఉరల్ పర్వతాల దగ్గరున్న మయాక్ అణు కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకు పేలింది. స్ట్రాన్షియం-90 కలిసిన ధూళి సుమారు 20 వేల చదరపు కిలోమీటర్ల మేర నేలపై పడింది. దాదాపు 10 వేల మందిని ఊళ్లు ఖాళీ చేయించారు. కొందరిని వారం పది రోజుల్లో తరలిస్తే, మరికొందరిని ఏడాదిన్నర దాటాక గానీ కదిలించలేదు. అన్నాళ్లూ అదే నేలలో ఆలుగడ్డలు తవ్వి, అదే గడ్డి మేసిన ఆవుల పాలు పిల్లలకు పోసిన తల్లులకు అసలు కారణం చెప్పినవారు లేరు.

ప్రభుత్వం 1989 దాకా ఆ ప్రమాదాన్ని ఒప్పుకోలేదు. కానీ మొక్కలు దాచలేదు. స్ట్రాన్షియం గుణంలో కాల్షియం లాంటిది. అందుకే వేళ్లు దాన్ని ఆహారంగా పీల్చుకుంటాయి. పేలుడుకు దగ్గర్లోని పైన్ చెట్లు మొదటి రెండు మూడేళ్లలోనే చచ్చిపోయాయి. బతికిన గడ్డిజాతి మొక్కల్లో, వాటి విత్తనాల నుంచి వచ్చిన మొలకల్లో క్రోమోజోములు విరిగిపోవడం శాస్త్రజ్ఞులు దశాబ్దాల తర్వాత కూడా గమనించారు.

లండన్‌లో ప్రవాసంలో ఉన్న జోరెస్ మెద్వెదెవ్ 1976లో ఈ ప్రమాదం గురించి రాస్తే, బ్రిటన్ అణుశక్తి సంస్థ అధిపతి అదంతా చెత్త అని కొట్టిపారేశాడు. అమెరికా గూఢచారి సంస్థకు విషయం ముందే తెలుసని 1977లో బయటపడిన పత్రాలు చెప్పాయి. మెద్వెదెవ్ సోవియట్ శాస్త్ర పత్రికల్లో మొక్కల మీద, చేపల మీద వచ్చిన వ్యాసాలు వెతికాడు. ప్రయోగం కోసం ఎవరూ అంత నేలను కలుషితం చేయరు కదా! ఆ లెక్కలతోనే ప్రమాదాన్ని నిరూపిస్తూ 1979లో పుస్తకం రాశాడు.

మొక్కలో జరిగినదంతా మన కడుపున పుట్టే పిల్లల్లో జరుగుతుందని అనుకోకూడదు. చెర్నోబిల్‌ను శుభ్రం చేసిన కార్మికుల పిల్లల జన్యువుల్లో కొత్త మార్పులు పెరిగినట్లు కనబడలేదని 2021లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఈ మాట కూడా స్త్రీలకు తెలియాలి. హిరోషిమా బాధిత యువతులను కోడళ్లుగా చేసుకోవడానికి ఎన్నో కుటుంబాలు వెనుకాడాయి. నిజం దాచినచోట రోగంతోపాటు అపవాదు కూడా ఆడవాళ్ల నెత్తినే పడుతుంది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం ఉంది. మయాక్ పేలుడుకూ దీనికీ పోలిక లేదు. అయినా టెయిలింగ్ పాండ్ వల్ల బోరునీళ్లు, పంటలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు నిజమో కాదో తేల్చవలసింది బహిరంగ పరీక్షలే. మట్టిని, నీటిని, గట్టు మీది గడ్డిని క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడమీద అంటించాలి. నమూనాలు తీసేటప్పుడు ఊరి స్త్రీలు పక్కన ఉండాలి. ఆ నేలలో రోజూ చేతులు పెట్టేది వాళ్లే. దానిలో ఏముందో తెలుసుకోవడం వాళ్ల హక్కు.