ఊరిదే తప్పని రాయండి

తెలుగులో దెయ్యాల సినిమాలు రాస్తున్న, తీస్తున్న, రేపు రాయబోతున్న మిత్రులందరికీ!

మొన్న ఒక కథా చర్చలో నేను చెప్పిన కథ ఇది. ఒక ఊళ్లో వరసగా పిల్లలు జబ్బున పడతారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె మీద అనుమానం పుడుతుంది. ఇంటర్వెల్‌కి ఊరంతా కలిసి ఆమెను చంపేస్తుంది. పిల్లల జబ్బు మాత్రం ఆగదు. చంపినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, రాత్రిళ్లు తలుపులు తీయలేక బతుకుతారు. నేను రాసుకున్న భయమంతా ఆ సెకండాఫ్‌లోనే ఉంది. నిర్మాత తరఫున కూర్చున్నాయన అంతా విని, "బాగుందండీ, ట్విస్ట్ లేదు. ఆ ముసలావిడ నిజంగానే చేతబడి చేసిందని పెట్టండి. క్లైమాక్స్‌లో రివీల్ చేద్దాం, థియేటర్ దద్దరిల్లిపోద్ది" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా తలలూపారు. వాళ్లలో ఇద్దరు రచయితలు.

కథ వెనక్కి తెచ్చుకున్నాను. నిర్మాత మనిషి తన వ్యాపారం తను మాట్లాడాడు. ఈ కరపత్రం ఆయన కోసం రాయలేదు. తలూపిన ఆ ఇద్దరి కోసం, వాళ్లలాగే రోజూ ఎక్కడో ఒక సిట్టింగ్‌లో తలూపుతున్న మనందరి కోసం రాశాను.

చేతబడి నెపంతో మనుషుల్ని ఏం చేస్తారో ఊళ్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మేం పెద్దమ్మా అని పిలిచే ఒకామెను నడివీధిలో పట్టుకుని పటకారుతో ముందుపళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం నోట సరిగా పలకదని నమ్మకం. ఎవరిదో పసిబిడ్డ జ్వరంతో పోయింది, అంతకుముందు రోజు ఆమె ఆ బిడ్డను ఎత్తుకుని ముద్దాడింది. అంతకు మించి ఆమె మీద సాక్ష్యం లేదు. తర్వాత చాలా ఏళ్లే బతికింది. జొన్నరొట్టె నీళ్లలో నానబెట్టుకుని తినేది. ఎవరైనా ఎదురైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేది. పిల్లల్ని మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు.

అదంతా పాతకాలం అనేవాళ్లు జిల్లా ఎడిషన్లు తిరగేయండి. జాతీయ నేర గణాంకాల్లో హత్యకు కారణాల పట్టికలో మంత్రాల నెపానికి ఈనాటికీ విడిగా ఒక గడి ఉంది.

ఇప్పుడు మన సినిమాల దగ్గరికి రండి. 2023లో వచ్చిన 'విరూపాక్ష' పెద్ద విజయం. పట్టుగా రాసిన సినిమా, అందులో సందేహం లేదు. అందుకే దాని పేరు ఎత్తుతున్నాను, చేతకాని సినిమాతో గొడవేముంది? కథ 1979లో మొదలవుతుంది. ఊళ్లో పిల్లలు చనిపోతుంటే ఒక జంట మీద చేతబడి నెపం పడుతుంది, ఊరు వాళ్లను సజీవంగా తగలబెడుతుంది. మన సినిమాలో ఇంత భయంకరమైన దృశ్యం అరుదు, ఎందుకంటే అది నిజంగా జరిగేది. పుష్కరం గడిచాక మళ్లీ వరస చావులు మొదలవుతాయి. చివరికి తేలేదేమిటి? ఆ చావుల వెనక ఉన్నది ఆ జంట తరఫు పగేనని, క్షుద్రశక్తులు నిజమేనని. తగలబెట్టిన ఊరి చేతుల నెత్తురు కడిగేసి, నెపాన్ని కాలిపోయినవాళ్ల వైపే తిప్పి కథ ముగుస్తుంది. 'మా ఊరి పొలిమేర' రెండు భాగాలూ చేతబడి మీదే నిలబడ్డాయి. ఆ దారిలో వచ్చినవి, వస్తున్నవి ఎన్నో మీకే తెలుసు.

గమనించండి. ఊళ్లో కారణం తెలియని చావు, ఒంటరి మనిషి మీద అనుమానం, పంచాయితీ, మంట. నిజంగా మనిషిని చంపే ఊరు సరిగ్గా ఈ వరసలోనే ఆలోచిస్తుంది. మనం అదే వరసను స్క్రీన్‌ప్లేగా తీసుకుని, చివర్లో "ఊరు అనుమానించింది నిజమే" అని ముద్ర వేస్తున్నాం. సినిమాకి ముందు, మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదని ఒక కార్డు పడుతుంది. రెండున్నర గంటల సినిమా ఒకటి చెబుతుంటే నాలుగు సెకన్ల కార్డు ఇంకోటి చెప్పి ఎవరిని ఆపుతుంది?

1931లో జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' చూడండి. అందులో ఆ వికృతజీవి నిజంగానే ఒక చిన్నపిల్లను చెరువులో విసిరి చంపుతుంది. ఊరు కాగడాలు పట్టుకుని వెంటపడుతుంది, గాలిమర లోపలికి తరిమి నిప్పు పెడుతుంది. అక్కడ మన గుండె ఎవరి కోసం కొట్టుకుంటుంది? లోపల కాలుతున్న జీవి కోసం. తప్పు చేసినవాడి విషయంలోనే ఆ రచన మూకను చూసి భయపడమంది. మనం ఏ తప్పూ చేయని మనిషిని తీసుకొచ్చి, మూకను చూసి ఊపిరి పీల్చుకోమంటున్నాం.

మన పాతవాళ్లు ఈ పని చేయలేదు. 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ, 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు ఎక్కడివాళ్లు? ఎక్కడో దూరదేశాలవాళ్లు, కథల్లో వాళ్లు. ఆ సినిమా చూసి వచ్చినవాడు పక్కింటి ముసలమ్మను అనుమానించే వీలు లేదు. మాంత్రికుణ్ని మన వీధిలోకి, మన మేడమీది గదిలోకి తెచ్చింది 'తులసిదళం', 'కాష్మోరా' నవలల రోజులు. 'తులసిదళం' మీద రంగనాయకమ్మ విమర్శగా ఒక పుస్తకమే రాశారు. ఆ గొడవను ఇద్దరు రచయితల తగాదాగా కొట్టిపారేశాం. ఆవిడ విమర్శకు మన పరిశ్రమ ఈ రోజుకీ జవాబు చెప్పలేదు.

చేతబడి కథలు మానేస్తే హారర్ చచ్చిపోతుందని బెంగపడేవాళ్లు ఉన్నారు. ఇది బెంగ కాదు, బద్ధకం. 1992లో 'రాత్రి' భయపెట్టడానికి ఊరి చివరి ముసలమ్మ అక్కర్లేకపోయింది. మలయాళంలో 1993 నాటి 'మణిచిత్రతాళు' ఒక స్త్రీ మనసులోకి వెళ్లి భయాన్ని తవ్వింది, దాని వారసురాలే మనం చప్పట్లు కొట్టిన 'చంద్రముఖి'. మన 'అరుంధతి'లో పశుపతి అఘోరాల దగ్గర విద్య నేర్చిన మాట నిజమే, అయితే వాడు అంతకుముందే ఆడవాళ్లను చెరిచిన సంస్థానపు అల్లుడు. పీడించినవాడే పిశాచమయ్యాడు, పీడన పడ్డవాళ్లు కాదు. 'తుంబాడ్'కి దురాశ చాలింది, విడుదలైన ఆరేళ్లకు 2024లో మళ్లీ వేస్తే జనం మొదటిసారి కంటే ఎక్కువగా వచ్చారు. అదే ఏడాది 'భ్రమయుగం' ఒక పాడుబడ్డ ఇల్లు, ముగ్గురు మనుషులు, నలుపు తెలుపుల్లో అధికారం అనే జబ్బును చూపించింది.

భయం ఎక్కడ దొరుకుతుందని అడిగే రచయిత ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో బతకట్లేదని అర్థం. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది నవంబరుకి గాడ్జిల్లా తెర మీదికి లేచింది. వాళ్లు తమ భయాన్ని ఎనిమిది నెలల్లో సినిమా చేశారు. మనకి 2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. వందలమంది. రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లు దొరికాయి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా ఎవరూ ఖాయంగా తేల్చలేకపోయారు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలు అక్కడే ఉన్నాయి. కారణం తెలియని జబ్బు, దాహం తీర్చే నీళ్లలోనే చావు. ఇంతకన్నా రాక్షసి కావాలా? ఆ ఏలూరు రోజుల్లోనే ఏ ఒంటరి ఆడమనిషినో ఒక వీధి అనుమానించి ఉంటే? ఆ సినిమా ఎవరు రాస్తారు?

"సినిమా చూసి ఎవడూ హత్య చెయ్యడు" అంటారు. హత్య చేసేవాడికి సినిమా అక్కర్లేదు. ఆ రోజు చుట్టూ నిలబడి చూస్తూ ఊరుకునేవాళ్లకి కావాలి. "నిజమేనేమో" అనే ఆ ఒక్క సందేహాన్ని మనం ఏడాదికి నాలుగుసార్లు టికెట్ పెట్టి అమ్ముతున్నాం. ఇది కళాస్వేచ్ఛ కిందకి రాదు, నన్ను ఒప్పించాలని ప్రయత్నించొద్దు.

సెన్సారువాళ్లు కత్తెర పట్టాలని నేను అడగడం లేదు. వాళ్ల చేతికి ఇంకో కత్తెర ఇస్తే ముందు మంచి సినిమాల్నే కోస్తారు. అడుగుతున్నది మనల్నే. చేతబడి నెపం పడ్డ మనిషిని, వాళ్ల బిడ్డల్ని, చివరికి నిజంగానే మంత్రగాళ్లని తేల్చే కథ రాయం. అలాంటి కథకి మాటలు రాయం, రిపేర్‌కి పిలిస్తే వెళ్లం. ఒప్పుకున్న కథలో క్లైమాక్స్‌ని ఆ దిక్కుగా తిప్పాలంటే రచయిత రాతపూర్వక అంగీకారం ఉండాలని ప్రతి అగ్రిమెంటులో ఒక వాక్యం చేర్పించుకుంటాం. కొత్త కుర్రాడికి ఒంటరిగా ఇది అడిగే ధైర్యం ఉండదు, అందుకే తెలుగు సినీ రచయితల సంఘం తీర్మానం చేయాలి. పేరున్న రచయితలు ముందు సంతకం పెట్టాలి, వాళ్ల పేరు చూస్తే కుర్రాళ్లకి కాళ్లు నిలబడతాయి.

ఇంకో పని ప్రభుత్వాలది. ఛత్తీస్‌గఢ్ 2005లోనే మంత్రగత్తె నెపంతో హింసించడాన్ని నేరం చేసింది. 2013లో ఒడిశా చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో పుణెలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపాక మహారాష్ట్ర తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. మన సరిహద్దుల మీద ఈ నాలుగు రాష్ట్రాలకీ చట్టాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కి, తెలంగాణకి లేదు. చేతబడి మీద కోట్లు సంపాదించిన పరిశ్రమ ఈ చట్టం కోసం ఒక్క వినతిపత్రం ఇచ్చిందా? ఇద్దరు ముఖ్యమంత్రులకీ వినతిపత్రం ఇవ్వాల్సిన మొదటి చేయి మనదే.

తీర్మానం నకలు, వినతిపత్రం నకలు ఈ కరపత్రంతో పాటే ఉన్నాయి. రెండిటి కిందా పూర్తి పేరు, మీరు రాసిన సినిమాల పేర్లు రాసి సంతకం చేయండి. ఇంకా ఒక్క సినిమా కూడా పడని అసిస్టెంట్ రచయితలు రాస్తున్న కథ పేరు రాయండి. సంఘం సర్వసభ్య సమావేశంలోపు కాగితాలు నాకు చేరాలి. అక్కడ నేనే లేచి చదువుతాను.