పసుపు బోర్డుకు రుద్రూరు పాఠం

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిస్తే, వారిలో 178 మంది రైతులే. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం వేసిన నామినేషన్లవి. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డుకు కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది.

బోర్డు కావాలన్న దగ్గర అందరిదీ ఒకే మాట. కానీ రైతుకు కావలసింది క్వింటాలు ధర. పరిశోధకుడికి దుంపకుళ్లును తట్టుకునే రకం, కుర్కుమిన్ శాతం. ప్రభుత్వానికి 2030 నాటికి వంద కోట్ల డాలర్ల ఎగుమతి. ఉద్యమం నడిచినన్నాళ్లు ఈ తేడా కనిపించదు. పద్దులు రాసే రోజున బయటపడుతుంది.

ఈ జిల్లాకు ఇలాంటి తేడా కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ జలాశయం పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీకి వేళకు చెరకు అందాలి. రైతుకు కాలువ నీటితో నాలుగు రూపాయలు మిగలాలి. ఈ రెండు అవసరాల నడుమే జిల్లాలోని రుద్రూరు పరిశోధన క్షేత్రం పనిచేసింది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015లో మూతపడింది. కొనేవాడు లేక చెరకు తగ్గింది, మడులన్నీ వరితో నిండాయి. రుద్రూరు మాత్రం నిలిచింది. అది చెరకు కేంద్రం మాత్రమే కాదు, ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన కేంద్రం. ఇందూరు సాంబ వరి అక్కడిదే. ఫ్యాక్టరీనే నమ్ముకుని ఉంటే దానితోపాటే అదీ పోయేది. ఆయకట్టును నమ్ముకుంది కనుకే పంట మారినా పని మిగిలింది.

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. కొత్త వంగడం చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వాల గడువు ఐదేళ్లు. ఈ మూడు కాలాలూ ఒక్కచోట ఇమడాలంటే బోర్డు ఇప్పుడే కొన్ని కట్టుబాట్లు రాసుకోవాలి. ఎగుమతుల ప్రోత్సాహం ఖర్చులో కలిసిపోకుండా పరిశోధన నిధిని వేరుగా ఉంచాలి. పరిశోధన అంశాలు ఎంచే బల్ల దగ్గర పసుపు పండించే రైతు కూర్చోవాలి. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం నుంచి ఎంత విత్తనం ఆర్మూరు, బాల్కొండ చేలకు చేరిందో, దానితో సాగు ఖర్చు ఎంత తగ్గిందో ఏటా లెక్క చెప్పాలి. నామినేషన్ వేసిన ఆ 178 మందికి బోర్డు బాకీ ఉన్నది ఆ లెక్కే.