పట్టుచీరల అర్రే చీరల అర్రే కాదు

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు బట్టీ పట్టే సూత్రం ఒకటుంది. సబ్‌క్లాస్ ఆబ్జెక్టు సూపర్‌క్లాస్ ఆబ్జెక్టే, కాబట్టి సబ్‌క్లాస్ అర్రే కూడా సూపర్‌క్లాస్ అర్రేనే అని. మొదటి సగం నిజం. రెండో సగం జావా ఒప్పుకుంటుంది కాబట్టి మనమూ ఒప్పేసుకున్న అబద్ధం.

ధర్మవరంలో ఒక చీరల కొట్టుకు స్టాకు ప్రోగ్రాము రాస్తున్నామనుకోండి. చీర ఒక క్లాసు. దాని కింద చేనేతపట్టు, మరమగ్గంచీర అని రెండు సబ్‌క్లాసులు. (జావాలో క్లాసు పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, కంపైలర్ ఏమీ అనదు. పెట్టేవాళ్లే లేరు.) చీరల అర్రే ఒకటి చేసి అందులో రెండు రకాలూ కలిపి పెట్టుకోవచ్చు. ధర అడిగితే ఏ చీరకు ఆ చీర పద్ధతే పలుకుతుంది. ఇన్‌హెరిటెన్సూ అర్రేలూ కలిస్తే వచ్చే మేలు అదే, దాంతో నాకు పేచీ లేదు.

పేచీ దీని తర్వాతి అడుగుతో. అచ్చంగా చేనేతపట్టుకే చేసిన అర్రేను, చీరల అర్రే అడిగే ఫంక్షన్‌కు ఇవ్వండి. జావా మారు మాట్లాడదు. ఆ ఫంక్షన్ సున్నా స్థానంలో ఒక మరమగ్గంచీర పెడుతుంది. అదీ కంపైల్ అవుతుంది. నడిపినప్పుడు మాత్రం అర్రేస్టోర్‌ఎక్సెప్షన్ అంటూ కూలబడుతుంది. మరమగ్గం సరుకు చేనేత పేరుతో చలామణీ కావడం ధర్మవరం నేతన్నకు కొత్త బాధ కాదు. కొన్ని రకాల చీరలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం చేయాల్సి వచ్చింది, ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపూ తెచ్చుకోవాల్సి వచ్చింది.

చివరికి జావా పట్టుకుంది కదా, ఇంకేం కావాలి అంటారు. పట్టుకున్నది ఎక్కడో చూడండి. ఎక్సెప్షన్ మొదట చూపించే లైను చీర పెట్టిన ఫంక్షన్‌లోది. చీరల అర్రే ఇమ్మన్నాడు, చీర పెట్టాడు, ఆ ఫంక్షన్ రాసినవాడి తప్పేముంది? తప్పు చేసింది పట్టు అర్రేను తెచ్చి అతని చేతిలో పెట్టినవాడు. అలా ఇచ్చిన లైనును మాత్రం కంపైలర్ తప్పు పట్టదు. పైగా ఎవరో ఒకరు చేయబోయే ఈ పొరపాటు కోసం, ఆబ్జెక్టుల అర్రేలో ఏది పెట్టినా దాని రకాన్ని జావా నడుస్తున్నప్పుడు సరిచూడాల్సి వస్తోంది. ఇంట్ విలువ లాంగ్‌లో చక్కగా ఇముడుతుంది, అయినా ఇంట్ అర్రేను లాంగ్ అర్రేగా ఇస్తే కంపైలరే ఒప్పుకోదు. అక్కడ ఎవరూ నోరెత్తరు.

జావా రూపకర్తలకు ఇది తెలియక కాదు. 1996లో జావా 1.0 వచ్చేనాటికి జెనెరిక్స్ లేవు. ఏ రకం ఆబ్జెక్టుల అర్రేనైనా వరసపెట్టే ఒకే ఒక్క సార్ట్ ఫంక్షన్ కావాలంటే ఈ సందు తెరవక తప్పలేదు. సార్ట్‌తో ప్రమాదమూ లేదు. అది అర్రేలో ఉన్నవాటినే అటూ ఇటూ మారుస్తుంది, బయటిదేదీ తెచ్చి పెట్టదు. 2004లో జావా 5తో జెనెరిక్స్ వచ్చాక ఆ అవసరం తీరింది, సందు మాత్రం పాత కోడ్ కోసం అలాగే ఉండిపోయింది. 2002లో వచ్చిన సీ షార్ప్ కూడా జావా బాటే పట్టింది. అవసరానికి చేసుకున్న సర్దుబాటును మనవాళ్లు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ధర్మంగా పాఠం చెబుతున్నారు.

సీ ప్లస్ ప్లస్‌లో ఈ 'ధర్మం' ఇంకా ఘోరం. చీర ఆబ్జెక్టు 16 బైట్లు, అదనంగా జరీ వివరాలున్న చేనేతపట్టు 24 బైట్లు అనుకుందాం. పట్టు అర్రేను చీర పాయింటర్‌తో అందుకుని రెండో చీర చూపించమంటే, అది 16 బైట్లే దాటి ఆగుతుంది. అసలు రెండో చీర 24 దగ్గర మొదలవుతుంది. అంటే చేతికందేది మొదటి చీర చివరి ముక్క, దానికి అతికిన రెండో చీర మొదటి ముక్క. అక్కడున్న జరీ బరువును ధర అనుకుని బిల్లు వేసినా అడిగే దిక్కుండదు. సైజులు అనుకోకుండా సమానమైతే అంతా సరిగ్గానే నడుస్తుంది, అది మరీ చేటు.

తర్వాత వచ్చినవాళ్లు బుద్ధి తెచ్చుకున్నారు. జావా వర్చువల్ మెషీన్ మీదే నడిచే స్కాలా, కోట్లిన్‌లలో పట్టు అర్రేను చీరల అర్రే అంటే కంపైలరే తిప్పికొడుతుంది. జావా లిస్టులూ అంతే. చేనేతపట్టు లిస్టును చీరల లిస్టుగా ఎందుకివ్వలేమని ఇంటర్వ్యూలో అడిగితే, జెనెరిక్స్‌లో ఇన్‌హెరిటెన్స్ పనిచేయదు అని మన పిల్లలు చెబుతున్నారు. ఇన్‌హెరిటెన్స్ బాగానే పనిచేస్తోంది. తీయడానికి మాత్రమే అయితే క్వశ్చన్ మార్క్ ఎక్స్‌టెండ్స్ చీర అని రాసి పట్టు లిస్టును నిక్షేపంగా ఇవ్వొచ్చు, అందులో కొత్త చీర పెట్టబోతే కంపైలర్ అడ్డుపడుతుంది. ఈ తేడాను జెనెరిక్స్ యూనిట్ దాకా దాచిపెట్టకుండా, అర్రేల పాఠం చెప్పిన రోజే ఆ ఎక్సెప్షన్‌ను ల్యాబ్‌లో వాళ్ల చేతే తెప్పించాలి.