మందుగుండు తుస్సుమంది, మరి కూలి ఎవరిస్తారు?

తీర్థం అయిపోయి పదిహేను రోజులైనా ఆ ఊళ్లో గొడవ ఆగలేదు. అరగంట కాలుస్తామన్న మందుగుండు పది నిమిషాల్లో అయిపోయిందట. తారాజువ్వలు సగం పైకి లేవలేదట, ఔట్లు పొగబెట్టి ఊరుకున్నాయట. రామాలయం అరుగు మీద, టీ కొట్టు దగ్గర ఇదే మాట. కొందరు సర్పంచ్‌కి ఫిర్యాదు కాగితం కూడా రాసిచ్చారు. ఊరి పేరు రాయడం లేదు. చదివినవాళ్లు ఇది మా ఊరే అనుకుంటే అనుకోనివ్వండి.

ఫిర్యాదు తప్పు కాదు. ఇంటికింత అని వసూలు చేసినవాళ్లు లెక్క చెప్పాల్సిందే. ఆ చందా మాలపల్లిలోనూ మాదిగపేటలోనూ వసూలు చేశారు. డప్పుకి మనోళ్లు కావాలి, చందాకి మనోళ్లు కావాలి. ఊరేగింపు మాత్రం మన పల్లె మొగ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. ఆ ఫిర్యాదు కాగితం మీద మన సంతకం ఒక్కటీ లేదు. వాళ్లు అడగలేదో, మనోళ్లే "మనకెందుకులే" అనుకున్నారో గానీ, డబ్బులిచ్చినవాడికి లెక్క అడిగే హక్కుంది. దేవుడి పేరున వసూలు చేసినా సరే.

తర్వాత జరిగింది చూడండి. కమిటీ పెద్దలు లెక్క చూపించలేదు. కాంట్రాక్టరు మోసం చేశాడు కాబట్టి మిగతా బాకీ ఇవ్వం అన్నారు. కాంట్రాక్టరేమో "మీరు మందు సరిగ్గా కూరలేదు" అని షెడ్డులో పనిచేసిన ఆడకూలీలకి పది రోజుల కూలి ఆపేశాడు. ఎవరా ఆడకూలీలు? పక్క ఊరి మాదిగపేట అక్కలు. తుస్సుమన్న జువ్వ చివరికి వాళ్ల పొయ్యిలో పడింది.

సూరేకారం, గంధకం, బొగ్గుపొడి సరైన పాళ్లలో కలవాలి. కలిపిన మందు బాగా ఆరాలి. సరుకు కల్తీదైనా, చెమ్మ తగిలినా సరిగ్గా మండదు. ఇందులో కూలిమనిషి చేతిలో ఏముంది? సరుకు కొనేది కాంట్రాక్టరు. ఆర్డరు ఆలస్యంగా ఇచ్చి, బేరమాడి రేటు కోసేది కమిటీ. ఆరడానికి రోజులివ్వకుండా, ఆరలేదని ఆమెని తిడతారు. పుస్తకాలివ్వకుండా పిల్లాడు ఫెయిలయ్యాడని కొట్టే పంతులు నాకు తెలుసు, ఇదీ అలాగే ఉంది.

ఈ తొందర, ఈ కక్కుర్తి ఉన్న షెడ్డులో జువ్వకే కాదు, ప్రాణానికీ గ్యారంటీ లేదు. 2014 అక్టోబరు 20న, దీపావళి ముందు, తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణాసంచా తయారీ కేంద్రం పేలి పదిహేనుమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడకూలీలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిదిమంది పోయారు. అదే ఏడాది అక్టోబరు 8న, మళ్లీ దీపావళి ముందే, కోనసీమ జిల్లా రాయవరం మండలంలో ఇంకో పేలుడు, ఇంకొన్ని శవాలు. తుస్సుమన్నందుకు ఊరు ఊరంతా కాగితం రాసింది. పేలినప్పుడు ఎన్ని ఊళ్లు రాశాయి?

"వచ్చే ఏడు రెండింతలు కాలుస్తాం" అని కమిటీ ఇప్పుడు జనం నోరు మూయిస్తోంది. ఆ మాటకి చప్పట్లు కొట్టేముందు కేరళ సంగతి గుర్తు చేసుకోవాలి. కొల్లం జిల్లా పుట్టింగల్ గుడిలో పోటీ బాణాసంచాకి జిల్లా అధికారులు అనుమతి ఇవ్వలేదు. అయినా కాల్చారు. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున వందమందికి పైగా చనిపోయారు. మన కుర్రాళ్లు కొందరు అంబేద్కర్ జయంతికి ఊరివాళ్ల కంటే ఎక్కువ కాలుస్తామంటున్నారు. తమ్ముళ్లూ, కైలాసపట్నం జరిగింది జయంతికి ఒక్కరోజు ముందు.

ఇప్పుడు చేయాల్సిన పని ఉంది. కూలి ఆగిన అక్కలు ఏయే రోజులు పనిచేశారో, రోజుకి ఎంత మాట్లాడుకున్నారో తేదీలతో సహా కాగితం మీద పెట్టాలి. చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని రాయండి. ఆ అర్జీ లేబర్ ఆఫీసుకి, నకలు తహసీల్దారుకి ఇద్దాం. చందా రశీదులున్నవాళ్లు పారేయొద్దు. లెక్కల మీటింగు రామాలయం అరుగు మీద పెడితే మనల్ని కిందే నిలబెడతారు. పంచాయతీ ఆఫీసులో, అందరికీ కుర్చీలేసి పెట్టమందాం.